బాలింత గది అవతలి గోడ

కుందుర్పిలో ఎవరైనా ఇల్లు వెచ్చబెట్టే మిషను కొంటామంటే, ముందు జ్వరమేమైనా తగిలిందేమోనని నుదురు పట్టి చూస్తారు. ఏడాదిలో ముప్పాతిక భాగం అడక్కుండానే ఎండ దొరికే ఊరు అది. మిగిలిన కాలంలో కూడా పగలంతా ఎండే. తెల్లవారుజామున మాత్రం మిట్ట మీది గాలి గోడ సందుల్లోంచి దూరి ఒళ్లు వణికిస్తుంది. ఆ కాస్త చలికే ఊరు ఊరంతా తలకు తువ్వాళ్లు చుట్టుకుని, ఏదో మంచుకొండ దిగివచ్చినవాళ్లలా చేతులు కట్టుకుని నడుస్తారు. అలాంటి ఊళ్లో నారాయణ ఇంట్లో హీట్ పంపు బిగించారంటే దాని వెనక ఒక ఆడమనిషి పన్నాగం ఉంది. ఆ మనిషి పేరు మహేశ్వరి.

మహేశ్వరి బస్టాండు వెనక చిన్న గదిలో జాకెట్లు కుడుతుంది. మొగుడు వీరేష్ పరాయివాడు కాదు, తల్లికి కడగొట్టు తమ్ముడు. చిన్నప్పుడు భుజాన ఎక్కించుకుని తిప్పిన మామే తాళి కట్టాడు. ఏసీలు బిగించే పని నేర్చుకుని బెంగళూరు పోయాడు, అక్కణ్నుంచి కంపెనీవాళ్లు లడాఖ్ పంపారు. అక్కడ చలికి నీళ్లు కుండలోనే గడ్డకడతాయట. ఆ ఊళ్లలో ఇళ్లకు హీట్ పంపులు బిగించడం అతని పని. బయటి గాలిలో ఉన్న కాస్త వేడినీ పట్టి లోపలికి తోస్తుందట ఆ మిషను. పెళ్లయిన మరుసటేడు వెళ్లినవాడు ఏటా ఒకసారి చుట్టం చూపుగా వస్తాడు. ఉన్నన్నాళ్లూ అతని సూట్‌కేసు మంచం కిందికి పోదు, తలుపు పక్కనే నిలబడి ఉంటుంది. ఆ సూట్‌కేసును చూస్తే మహేశ్వరికి ఒళ్లు మండేది.

అతను వచ్చేనాటికి ఏటా ఒక చొక్కా కుట్టి ఉంచేది. ఏటా అది సరిపోయేది కాదు. ఒక ఏడు భుజాల దగ్గర బిగుతు, ఇంకో ఏడు నడుము దగ్గర వదులు. ఊళ్లో ఆడవాళ్లందరి కొలతలూ టేపు లేకుండా చెప్పగల మనిషికి సొంత మొగుడి కొలత దొరకలేదు. తను చూడని చోట, తను వండని తిండి తిని, తనకు చెప్పకుండా ఆ ఒళ్లు మారిపోతోంది. అందుకు ఆమెకు దిగులుగా ఉండేది. ఫోనులో ఎంత మాట్లాడినా ఆ దిగులు తీరేది కాదు.

ఊరివాళ్లు ఊరుకుంటారా. పెళ్లయి ఇన్నేళ్లయినా ఒళ్లో బిడ్డ లేదేమని అడగని మనిషి లేదు. ఆ గుడికి పొమ్మని ఒకరు, ఈ దర్గాలో తాయెత్తు కట్టించుకోమని ఒకరు. బిడ్డ పుట్టాలంటే ముందు మొగుడు ఊళ్లో ఉండాలన్న చిన్న సంగతి మాత్రం ఈ సలహాదారులెవరికీ తట్టలేదు. మహేశ్వరి నవ్వేసేది, కుట్టుమిషను ఆపకుండానే. ఆపితే ఏడుపొస్తుందని ఆమెకు తెలుసు.

ఆ కార్తీకంలో నారాయణ భార్య సుబ్బరత్నమ్మ మెత్తటి పాత చీరలు మూట కట్టుకుని వచ్చింది. కూతురు పద్మప్రియను రెండో కాన్పుకు తీసుకొచ్చారు, పుట్టబోయే బిడ్డకు జుబ్బాలు కుట్టాలి. చీరలు పరుస్తూ సుబ్బరత్నమ్మ తన కష్టం చెప్పుకుంది. ఆ ఇంట్లో బాలింతంటే తలుపులు మూసి, చెవుల్లో దూది పెట్టి, మంచం కింద నిప్పుల కుంపటి పెట్టాల్సిందే. ఆవిడ అత్త భద్రమ్మ దగ్గర దానికి మినహాయింపు లేదు. మొదటి కాన్పప్పుడు ఆ పొగకు పసిగుడ్డుకు ఆయాసం పట్టి ఆసుపత్రికి పరుగెత్తారు. ఈసారి కుంపటి పెడితే ఊరుకోనని డాక్టరమ్మ ముందే చెప్పింది. గది వెచ్చగా లేకపోతే ఊరుకోనని భద్రమ్మ చెప్పింది. మధ్యలో తీగలు ఎర్రగా కాలే హీటరు ఒకటి కొంటే, అది పెట్టిన రోజే ఇంటి వైరింగు కాలి కంపు కొట్టింది. డాక్టరమ్మకూ అత్తకూ మధ్య నలిగిపోయి సుబ్బరత్నమ్మ చిక్కి సగమైంది. ఆ సగం కూడా మామూలు మనిషికి నిండే ఉంటుందనుకోండి, జాకెట్టు కొలతలు మహేశ్వరికి తెలుసు.

మహేశ్వరి కుట్టుమిషను మీంచి కాలు తీసింది. పొగా నిప్పూ లేకుండా ఇల్లు వెచ్చబెట్టే మిషను ఒకటుందనీ, తన మామ లడాఖ్‌లో ఇళ్లకు బిగించేది అదేననీ చెప్పింది. ఎలాగూ సెలవు మీద వస్తున్నాడని కూడా చెప్పింది. ఆ చివరి మాట అబద్ధం. నోటినుంచి జారేదాకా ఆమెకే తెలియలేదు.

రాత్రికల్లా పన్నాగం మొత్తం తయారైంది. సుబ్బరత్నమ్మ తమ్ముడికి అనంతపురంలో కాన్పుల ఆసుపత్రి ఉంది. ఇక్కడ ఒక గది కుదిరితే అక్కడ పదిగదులు కుదురుతాయి. ఆ పదిచోట్లా మిషన్లు బిగించేవాడు, బాగుచేసేవాడు ఒకడు కావాలి. ఆ ఒకడు మామ కాకపోతే ఇంకెవరు? అప్పుడు సూట్‌కేసు మంచం కిందికి పోతుంది. ఇదంతా చెప్పకుండా ఆమె వీరేష్‌కు ఫోను చేసి పని సంగతి మాత్రం చెప్పింది. కుందుర్పిలో హీట్ పంపా అని అతను ఎంతసేపు నవ్వాడో. ఆ నవ్వు వింటూ ఆమె ఫోను చెవికి గట్టిగా అదుముకుంది. చివరికి వస్తానన్నాడు.

మార్గశిరంలో వచ్చాడు. కొత్త చొక్కా ఈసారి భుజాల దగ్గర పట్టలేదు. పైకి తిట్టుకుంటూ కుట్లు విప్పింది కానీ, లోపల సంతోషంగానే ఉంది. ఈసారి కొలత పట్టుకోవడానికి కావలసినంత కాలం ఉందనుకుంది.

బెంగళూరు నుంచి మిషను లారీలో వచ్చింది. పద్మప్రియ అనంతపురం ఆసుపత్రిలో ఆడపిల్లను కని, ఇంకా ఇంటికి రాలేదు. ఆలోపే పని పూర్తి కావాలి. నారాయణ తాత కట్టించిన రాతి గోడకు తూటు పెట్టడానికి వీరేష్‌కు ఒక పూట పట్టింది. రాతి పొడికి అతని కనురెప్పలు తెల్లబడ్డాయి. గదిలో గోడ మీద పొడవాటి పెట్టె, పెరట్లో అదే గోడకు అవతల ఫ్యాను ఉన్న పెద్ద డబ్బా, రెంటినీ కలిపే రాగి పైపులు. ఏసీ డబ్బాను ఎవరైనా నీడలో పెడతారు. వీరేష్ దక్షిణం గోడకు, ఎండ నేరుగా పడేచోట పెట్టాడు. నారాయణ దాన్ని చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఏమప్పా వీరేషూ, దాన్ని ఎండలో కూర్చోబెట్టినావు. సలి కాచుకుంటాదా ఏమి?"

"అవున్నా, కాచుకుంటాది. అది కాచుకున్నేదాన్నే లోపలికి పంపుతాది," అన్నాడు వీరేష్.

పని నడిచినంతసేపూ వీరేష్ ఆ గదిలోనే ఉన్నాడు. కాఫీ మాత్రం పెరట్లో బండ మీదికి వచ్చింది. తాగి, గ్లాసు కడిగి, అదే బండ మీద బోర్లించాడు. మహేశ్వరి కూడా ఆ ఇంటికి జాకెట్లు ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా ఆ బండ దగ్గరే నిలబడుతుంది. అది ఆమెకు ఊపిరి తీసుకున్నంత అలవాటు, గమనించే పనే లేదు.

బాలింతను తీసుకొచ్చిన రోజు అసలు గొడవ మొదలైంది. భద్రమ్మ కర్ర తాటించుకుంటూ గదిలోకి వచ్చి గోడ మీది పెట్టెను చూసింది. అలాంటివి ఆవిడ బంధువుల పెళ్లిళ్లలో, కల్యాణమండపాల్లో చూసింది, వాటి కింద కూర్చుని వణికింది. పచ్చి బాలింత గదిలో ఏసీ పెడతారా, దీన్ని చంపుతారా బతికిస్తారా అని లేచింది. అది వేడి మిషను అత్తా అని సుబ్బరత్నమ్మ ఎంత చెప్పినా వినలేదు. అంతలో మిషను వేశారు. భద్రమ్మ గదిలో నిలబడి చూస్తే సరిపోయేది. కానీ ఆవిడ తెలివైన మనిషి, ఇంట్లోవాళ్ల మాట నమ్మకుండా తానే పెరట్లోకి పోయి, తిరుగుతున్న ఫ్యాను ముందు చేయి పెట్టింది. చల్లగా, వేళ్లు కొంకర్లు పోయేట్టు గాలి కొట్టింది. ఇంక చెప్పేదేముంది! వీధి మొత్తం వినపడేలా సాక్ష్యం పలికింది. కొట్టంలో పాలు పితికే రామాంజినమ్మ కూడా వచ్చి చేయి పెట్టి చూసి, నిజమే తల్లీ ఐసుగడ్డేనని బలపరిచింది. మిషను ఆపేశారు. కుంపటి కడిగి తెమ్మని భద్రమ్మ హుకుం అయింది.

జుబ్బాలు ఇవ్వడానికి వచ్చిన మహేశ్వరి పెరట్లోంచి ఇదంతా చూస్తోంది. కుంపటి లోపలికి పోయిందంటే సూట్‌కేసు బయటికి పోయినట్టే. ఆమె గడప బయటే నిలబడి గట్టిగా చెప్పింది.

"అవ్వా, బయట సల్లగుంటేనే కదా లోపల ఎచ్చగుండేది. ఆడ తీసి ఈడ పెడతాది. నువ్వు పోయి మంచం మీద కుసో. సలేస్తే నా మొగునితోనే ఆ డబ్బా పీకిస్తా."

సుబ్బరత్నమ్మ అత్తను చేయిపట్టి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. తలుపు వేసి మిషను మళ్లీ వేశారు. భద్రమ్మ మొదట గుర్రుగా కూర్చుంది. కాసేపటికి కాళ్లు మంచం మీదికి తీసుకుంది. ఇంకాసేపటికి తల మీది కొంగు తీసింది. పద్మప్రియ నవ్వు బిగబట్టి చూస్తుండగానే ముసలావిడ మునిమనవరాలి పక్కన గుర్రుపెట్టి నిద్రపోయింది. మర్నాడు లేచి, ఇంత సుఖం తన ఆరు కాన్పుల్లో ఒక్కసారి కూడా ఎరగనని, తనకూ ఒకటి బిగించమని కొడుకుతో తగవు పెట్టుకుంది. కుంపటి అటక మీదికి పోయింది.

అక్కణ్నుంచి అంతా మహేశ్వరి అనుకున్నట్టే జరిగింది. మనవరాలిని చూడడానికి వచ్చిన సుబ్బరత్నమ్మ తమ్ముడు గదిలో కూర్చుని, గోడ చూసి, పెరట్లోకి పోయి డబ్బా చూసి, వీరేష్‌ను పిలిపించాడు. తన ఆసుపత్రికి కావాలన్నాడు, మనిషి కూడా ఇక్కడే ఉండాలన్నాడు. చూస్తానని వీరేష్ చెప్పాడు. ఆ సాయంత్రం మహేశ్వరి సూట్‌కేసును తన చేతులతో మంచం కిందికి తోసింది. వీరేష్ చూశాడు, దాన్ని మళ్లీ బయటికి లాగలేదు. ఆమెకు అంతే చాలు. ఎన్నేళ్ల తర్వాతో గాఢంగా నిద్రపోయింది.

తర్వాతి రోజుల్లో వీరేష్ తెల్లవారకముందే లేచి మిషను చూసొస్తానని పోయేవాడు. కొత్త మిషను, చూసుకోవాలి కదా అని ఆమె అనుకుంది. ఒకరోజు లేచేసరికి అతని శాలువా చిలక్కొయ్యకే ఉంది. చలిలో ఉత్త చొక్కాతో పోయాడని తిట్టుకుంటూ, తన శాలువా కప్పుకుని, అతనిది చంకన పెట్టుకుని నారాయణ ఇంటి పెరటి దారి పట్టింది.

తూర్పున అప్పుడే తెల్లదనం వస్తోంది. కొట్టంలో ఆవులు కూడా ముడుచుకుని పడుకున్నాయి. డబ్బా ఫ్యాను గిర్రున తిరుగుతోంది. కింద సుబ్బరత్నమ్మ పెట్టించిన బక్కెట్లోకి దాని నీళ్లు చుక్కచుక్కగా పడుతున్నాయి. కరివేపాకు చెట్టుకు అవే నీళ్లు. ఆ ఫ్యానుకు ఎదురుగా, కాఫీ గ్లాసు బోర్లించే బండ మీద వీరేష్ కూర్చుని ఉన్నాడు. చొక్కా గుండీలు విప్పేసి ఉన్నాయి. చల్లగాలి నేరుగా రొమ్ముకు తగులుతోంది. కళ్లు మూసుకుని ఉన్నాడు.

మహేశ్వరి అక్కడే ఆగిపోయింది. ఆ ముఖం ఆమె ఎప్పుడూ చూడలేదు. అలాంటి ముఖం తన వైపు తిరగాలని ఇన్నేళ్లూ ఎదురుచూసింది. అది ఉందని, ఇలా ఉంటుందని కూడా ఆమెకు తెలియదు. ఇల్లు చేరిన మనిషి ముఖం అది. ఆమెకు ఒక్కసారిగా అంతా అర్థమైపోయింది, అర్థమైనందుకు ఏడుపొచ్చింది. సూట్‌కేసును మంచం కిందికి తోసింది గానీ మనిషిని తేలేకపోయింది.

దగ్గరికి వెళ్లి శాలువా అతని ఒళ్లో పెట్టింది. అతను ఉలిక్కిపడి గుండీలు పెట్టుకోబోయాడు, దొంగతనం చేస్తూ దొరికినవాడిలా.

"ఆడ నీకు ఎవరన్నా ఉండారా మామా?" అని అడిగింది.

"ఎవురూ లేరు మే. నీ మీద ఒట్టు." శాలువా మడత సరిచేస్తూ అన్నాడు, "ఆ ఊరే."

ఆ తర్వాత అతను చెప్పడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్లలో ఫోనులో చెప్పనిదంతా. పొద్దున తలుపు తీస్తే ఊరంతా తెల్లగా, చప్పుడు లేకుండా ఉంటుందన్నాడు. ఎండాకాలం పోయేముందు ఇళ్ల మిద్దెల మీద పసుపుపచ్చటి పండ్లు ఆరబోస్తారన్నాడు. మిషను బిగించి గది వెచ్చబడగానే ముసలివాళ్లు తన చేతులు పట్టుకుని లోపల పొయ్యి పక్కన, తమ పక్కనే కూర్చోబెట్టుకుంటారన్నాడు. ఉప్పు వేసిన టీ పోస్తారు, వాళ్లు తాగే గిన్నెలోనే. మొదటిసారి అలా పోసినప్పుడు గిన్నె పట్టుకుని చాలాసేపు తాగలేకపోయానన్నాడు. అది ఉప్పు వల్ల కాదు. అక్కడ ఎవరూ తనను నువ్వు ఎవరివాడివని అడగలేదు.

మహేశ్వరి అతను కూర్చున్న బండ వైపు చూసింది. పక్కన నిన్నటి గ్లాసు బోర్లించి ఉంది. ఇన్నేళ్లూ తనూ ఆ బండ దగ్గరే నిలబడింది. మొదటిసారి దాన్ని సరిగ్గా చూసింది.

"మల్ల ఊరికొచ్చినప్పుడల్లా ఆడ సలికి సస్తాండామంటివే," అంది.

"ఏం చెప్పల్ల? నువ్వు ఈడ ఒక్కదానివి ఏడుస్తాంటే, ఆడ నాకు బాగుండాదని యా నోటితో చెప్పల్ల?" తల వంచుకున్నాడు. "ఆసుపత్రి పని ఒప్పుకుంటాలే. నువ్వు ఉండమంటే ఉంటా."

ఇదే మాట కోసం ఆమె అబద్ధమాడింది, ముసలావిడతో వాదించింది, ఇన్నేళ్లు కాచుకుంది. ఇప్పుడు అది చేతికొచ్చింది. ఉండమంటే ఉంటాడు. రోజూ వేకువన లేచి ఈ ఫ్యాను ముందు వచ్చి కూర్చుంటాడు. ఆమె ఇంట్లో ఒంటరిగా పడుకుని ఉంటుంది, ఇంతకుముందు లాగానే. దూరం మాత్రం లడాఖ్ నుంచి ఈ పెరటికి తగ్గుతుంది. ఆ ఆలోచనకు ఆమెకు కోపం వచ్చింది, దుఃఖం కంటే ముందు కోపమే వచ్చింది.

"ఇన్నేండ్లలో నన్ను ఒక్కనాడన్నా రమ్మని అడిగితివా?"

వీరేష్ తల ఎత్తాడు. అడగాలని అతనికి ఎప్పుడూ తట్టలేదని ఆ ముఖం చూస్తే తెలుస్తోంది. మార్గశిరంలో రెండు శాలువాలు కప్పుకునే మనిషిని ఎవరు అడుగుతారు.

"నువ్వు ఓర్సుకోలేవనుకుంటి," అన్నాడు చివరికి.

"నా కొలతలు నువ్వే తీసుకుంటివా?"

ఆమె తన శాలువా తీసి మడిచి కరివేపాకు చెట్టు కొమ్మ మీద వేసింది. అతన్ని జరగమని బండ మీద పక్కన కూర్చుంది, ఫ్యానుకు ఎదురుగా. గాలి ముఖానికి కొట్టింది. ముందు చెవులు, తర్వాత ముక్కు, తర్వాత పళ్లు. పళ్లు టకటకలాడాయి. వీరేష్ కప్పబోయిన శాలువాను చేత్తో తోసేసింది.

"ఇట్లనే ఉంటాదా ఆడ?"

"ఇది సలే గాదు మే." అతను తడబడుతూ అన్నాడు. "దీనికి పదింతలు."

"సరే. ఇది అయినాక అది."

గోడ లోపల బిడ్డ ఒకసారి ఏడ్చి ఊరుకుంది. వీరేష్ ఆమె చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆ వేళ్లు చల్లగా ఉన్నాయి, అతనివి వెచ్చగా ఉన్నాయి. వస్తావా అని అడిగాడు. చాలా మెల్లగా, ఊళ్లో మొదటిసారి ఒక పిల్లను అడుగుతున్నవాడిలా అడిగాడు. ఆమె జవాబు చెప్పేలోపు గది చాలినంత వేడెక్కినట్టుంది, ఫ్యాను నెమ్మదించి ఆగిపోయింది. పెరట్లో మళ్లీ కుందుర్పి గాలి, అందరూ తువ్వాళ్లు చుట్టుకునే ఆ గాలి. అది ఆమెకు వెచ్చగా తగిలింది.

"మల్ల తిరుగుతాదా అది?" అని అడిగింది.

"తిరుగుతాది. గది సల్లబడితే."

ఆమె శాలువా అందుకోలేదు. ఫ్యాను వైపు చూస్తూ అక్కడే కూర్చుంది.